నా వైపు గడియ

మా అన్నయ్య నన్ను ఫినాయిల్ అని పిలుస్తాడు. పిలవనీ. నాకు మురికంటే ఒళ్ళు మంట. ఎవరి ఎంగిలి గ్లాసో కంటపడితే చాలు, "ఛీ" అని నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.

రెండు నెలల సెలవులు విదేశంలో ఉన్న మా ఇంట్లో గడిపి, ఆ శుక్రవారం మధ్యాహ్నం యూనివర్సిటీ హాస్టల్‌కి తిరిగొచ్చాను. క్లాసులు సోమవారం నుంచి. ఇంకా ఎవరూ దిగలేదు. కారిడార్‌లో నా సూట్‌కేసు చప్పుడొక్కటే. దాని చక్రం ఒకటి తిరిగినప్పుడల్లా కీచుమంటుంది. తాళంచెవి ఇస్తూ వార్డెన్ గొంతు తగ్గించింది.

"మీ పక్కగది అమ్మాయి పోయిందమ్మా. జ్వరం, వాంతులు. బాత్రూంలో పడిపోయింది. మూడో రోజుకి గానీ ఎవరం చూసుకోలేదు. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు కదూ?"

"ఆ... అప్పటికే వెళ్ళిపోయాను," అన్నాను.

అబద్ధం. మా రెండు గదులకీ మధ్యలో ఒకటే బాత్రూం. అటొక తలుపు, ఇటొక తలుపు. నేను బయల్దేరిన పొద్దున ఆ పిల్ల లోపల నేలమీద పడి ఉంది, వాంతిలోనే చెంప ఆనించి. "అక్కా, లేవలేకపోతున్నా... ఎవర్నైనా పిలవవా," అంది. నేను "ఛీ" అన్నాను. ముక్కు మూసుకుని, తలుపు లాగి, నా వైపు గడియ పెట్టి, సూట్‌కేసు లాక్కుంటూ విమానానికి వెళ్ళిపోయాను. ఎవరో ఒకరు చూస్తార్లే అనుకున్నాను. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. తెలిస్తే అన్నయ్య జన్మలో నా మొహం చూడడు.

గది తలుపు తీయగానే వాసన కొట్టింది. పాలు విరిగినట్టు పుల్లగా, వెచ్చగా. బాత్రూం నుంచే. ఇన్నాళ్ళూ ఎవరూ వాడలేదు కదా, నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. సూట్‌కేసు గోడవార నిలబెట్టి, ఫోన్ మంచం మీద పడేసి, చేతులకి తొడుగులు వేసుకుని ఫినాయిల్ సీసాతో లోపలికెళ్ళాను. అటువైపు తలుపుకి వార్డెన్ తాళం వేసేసింది.

గొట్టం మీది జాలీ మూత ఎత్తాను. వెంట్రుకలు. పట్టుకుని లాగితే వస్తూనే ఉన్నాయి... జిగురుగా, మూరెడు, రెండు మూరలు... మధ్యమధ్య నమిలి ఉమ్మేసిన మెతుకుల్లాంటివి ఏవో. యాక్! తొడుగులోంచి కూడా తెలుస్తోంది, ఆ జుట్టు వెచ్చగా ఉంది.

అప్పుడు గొట్టం లోపల్నుంచి ఎవరో లాగారు. మెల్లగా. ఒక్కసారే.

వదిలేశాను. కాలు జారింది. నడుము నేలకి కొట్టుకుంది. కడుపులో ఉన్నదంతా అక్కడే కక్కేశాను. లేవబోతే కాళ్ళు స్వాధీనంలో లేవు. చెంప కింద తడి... అదే పులుపు... నాదే అని తెలుసు, అయినా అసహ్యంతో ఒళ్ళంతా జలదరించింది.

తెరిచి ఉన్న తలుపు దగ్గర నీడ కదిలింది.

"ఎవరూ... లేవలేకపోతున్నా... ఎవర్నైనా పిలవరా..." అన్నాను.

జవాబు వచ్చింది. గుసగుసగా. నా గొంతుతోనే.

"ఛీ."

తలుపు మూసుకుంది. గడియ పడింది. తర్వాత సూట్‌కేసు చక్రం కీచు... కీచు... కారిడార్ చివరిదాకా వెళ్ళి, వినపడకుండా పోయింది.

అరిచి అరిచి నా గొంతు పోయింది. సోమవారం పొద్దున ఊడ్చే ఆవిడ వచ్చి గడియ తీసింది. నన్ను చూసి ఆవిడా ముక్కు మూసుకుంది. కానీ మరుక్షణం కొంగు నడుముకి దోపి, నా చంకల కింద చేతులేసి లేపింది. "అయ్యో తల్లీ, ఎన్నాళ్ళయిందమ్మా ఇలా పడి," అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్లకి నేను ఇంతమాత్రం చెయ్యలేకపోయాను.

సూట్‌కేసు లేదు. నా పాస్‌పోర్టు అందులోనే ఉంది. ఫోన్ మాత్రం మంచం మీదే ఉంది. అన్నయ్య నుంచి రెండు మెసేజ్‌లు. మొదటిది గంట క్రితంది.

"ఫినాయిల్, వెళ్ళి నాలుగు రోజులు కాలేదు, చెప్పాపెట్టకుండా తిరిగొచ్చేశావేంటే? వచ్చీరాగానే బాత్రూంలో దూరావు, పిలిస్తే పలకవు. ఆ వాసనేంటి, ఇల్లంతా?"

రెండోది ఇప్పుడే వచ్చింది.

"అమ్మ నిన్ను చూద్దామని లోపలికొచ్చింది కదా, మళ్ళీ గడియ ఎందుకు పెట్టావే? ఇద్దరూ పలకరేంటి?"