పన్నెండో నంబరు ఎర్ర చుక్క

"ఇంకొంచెం పైకి అంటించు," అన్నాడు దౌరెన్. "అందరికీ కనపడాలిగా."

జిబెక్ మునివేళ్ళ మీద నిలబడి, నాలుగు మూలలా జిగురు అద్ది, చార్టును మెట్ల పక్క గోడకు అంటించింది. శుక్రవారం మధ్యాహ్నం. ఇద్దరూ బడి నుంచి తిన్నగా వచ్చారు. సంచులింకా భుజాల మీదే ఉన్నాయి.

ఆ ఊరి మనుషులు ఎవరికి ఏమిస్తారో తెలుసుకోవాలని ఒక పరిశోధన బృందం బడికి కాగితాలు పంపింది. ప్రతి విద్యార్థీ తానుండే భవనంలో తన మెట్ల దారిలోని ఇళ్ళన్నీ తిరిగి, ‘గత నెలలో మీరు ఎవరికైనా దానం చేశారా?’ అని అడిగి రావాలి. సాకెన్ మాస్టారు చెప్పింది అంతే. చార్టు మాత్రం జిబెక్ సొంత ఆలోచన. ‘అవును’ అన్న ఇంటికి ఆకుపచ్చ చుక్క. ‘లేదు’ అన్న ఇంటికి ఎర్ర చుక్క.

"ఎర్రవి రెండే," దౌరెన్ వేలితో చూపాడు. "పదకొండు, పన్నెండు. పన్నెండంటే రాబిగా అపా కదూ? అబ్బో, ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలదన్నమాట ముసలావిడ."

"మెల్లగా మాట్లాడు. పైకి వినపడుతుంది."

"చుక్క పెట్టింది నువ్వు. మెల్లగా మాట్లాడాల్సింది నేనా?"

జిబెక్ వేలికంటిన జిగురు తుడుచుకుంది. తను అబద్ధమేమీ రాయలేదు. లేదని అపా, అదే ఆ అవ్వ, తన నోటితోనే చెప్పింది. అయినా ఎందుకో మనసు కుదురుగా లేదు. సంచిలోంచి కాగితం తీసి చూసుకుంది. పన్నెండో గడిలో ‘లేదు’ అని స్పష్టంగానే ఉంది. దాని పక్కన గుండ్రంగా ఒక నూనె మరక ఉంది.

పోయిన శుక్రవారం కళ్ళ ముందుకు వచ్చింది. అపా మోచేతుల దాకా పిండితో తలుపు తీసింది. "దానమా? నా బతుక్కి అదొకటా తల్లీ. లేదని రాసుకో," అంది. అంటూనే, అప్పుడే నూనెలోంచి తీసిన షెల్పెక్ ఒకటి జిబెక్ చేతిలో పెట్టింది. ఆ పల్చని వేడి రొట్టెను ఎడమ చేత్తో తింటూనే, కుడి చేత్తో జిబెక్ ‘లేదు’ అని రాసింది.

ప్రతి శుక్రవారం అపా పోయినవాళ్ళను తలుచుకుని ఏడు షెల్పెక్‌లు వేయిస్తుంది. ఏడు తలుపులు తడుతుంది. జిబెక్ పుట్టకముందు నుంచీ అంతే. దాన్ని ఎవరూ దానం అనరు. శుక్రవారం అంటారు.

ఇవాళా శుక్రవారమే. నూనె వాసన అప్పుడే మెట్ల మీదుగా కిందికి దిగుతోంది. పైన ఎక్కడో తలుపు మూసుకుంది. ఆ తరువాత నెమ్మదిగా చెప్పుల చప్పుడు.

జిబెక్ గోళ్ళతో ఎర్ర చుక్కను గీకింది. అది ఊడలేదు. ఇంకా గట్టిగా గీకితే కాగితమే చిరిగింది.

"పారిపోదాం పద," అన్నాడు దౌరెన్.

అంతలో రాబిగా అపా పళ్ళెంతో మలుపు తిరిగింది. "ఏం అతికించారర్రా? అరె, నా నంబరు కూడా ఉందే. ఎరుపంటే ఏమిటి?"

దౌరెన్ నేలను చూశాడు. చెప్పకుండా ఉండటానికి జిబెక్‌కు దారి దొరకలేదు.

"ఏమీ ఇవ్వనివాళ్ళని, అపా. తప్పు నాదే. ఇప్పుడే ఆకుపచ్చ పెడతాను."

అపా తల రుమాలు సవరించుకుంది. "వద్దు. ఇచ్చినదాన్ని గోడకెక్కిస్తే ఇక అది పోయినవాళ్ళకేం చేరుతుంది? నా సంగతి వదిలెయ్." ఆమె కళ్ళు పదకొండు దగ్గర ఆగాయి. "ఈ పక్కింటి పిల్లకెందుకు పెట్టావు ఎరుపు? నిరుడు మంచులో నేను జారిపడితే, నెల్లాళ్ళు నా చెత్త బుట్ట కిందికి మోసింది తనే. పాపం, ఇది చూస్తే ఏమనుకుంటుంది?"

ఇద్దరి చేతుల్లోనూ చెరో షెల్పెక్ పెట్టి, అపా కింది ఇళ్ళకు వెళ్ళింది. ఆమె నడక మామూలుకన్నా నెమ్మదిగా ఉన్నట్టు జిబెక్‌కు తోచింది.

జిబెక్ చార్టును అంచు పట్టి లాగింది. సగం చేతికి వచ్చింది, సగం గోడకే ఉండిపోయింది. తడి గుడ్డ తెచ్చి ఆ సగాన్నీ తుడిచింది.

"మరి ఆ కాగితం? అందులోనూ ‘లేదు’ అనే ఉందిగా. సోమవారం మాస్టారు అడిగితే?" అన్నాడు దౌరెన్.

"తప్పుగా అడిగానని చెబుతాను."

"తిడతారు."

"తిట్టనీ."

కొత్త కాగితం తీసింది. ఈసారి రంగులు లేవు, ఇళ్ళ నంబర్లు లేవు. పైన ఇలా రాసింది: ‘గత నెలలో మీకు ఎవరు ఏమిచ్చారు?’ కింద చిన్న అక్షరాలతో, ‘ప్రశ్న మార్చింది నేనే. జిబెక్,’ అని చేర్చింది. మొదటి గడిలో తన జవాబే రాసుకుంది: ‘శుక్రవారం శుక్రవారం, వేడి షెల్పెక్.’

అపా పైకి వచ్చేసరికి, జిబెక్ పన్నెండో నంబరు గుమ్మంలో నిలబడి ఉంది. కాగితం చూసి చదివింది.

అపా ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని ఆలోచించింది. ఒక వేలు మడిచింది. మరొకటి మడిచింది. ఆ చేతి వేళ్ళు అయిపోయాయి.

"లోపలికొచ్చి కూర్చో," అంది తలుపు తీస్తూ. "టీ పెడతాను. ఇది ఇప్పట్లో తెమిలేది కాదు."