మోగని అరగంట

సాయంత్రం ఐదు యాభై రెండుకు కంట్రోల్ రూమ్‌కి కాల్ వచ్చింది. ఆరు పదికి ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి మేడమెట్లు ఎక్కాడు.

మంచం మీద ఆవిడ, ఊపిరి లేదు. ఇంట్లోనే కుట్టుపని చేసేది. నలభై ఏళ్ళుంటాయి. చెమటకి దిండు తడిసింది. ఎడమ చేతికి కోటు బొత్తామంత షుగర్ సెన్సర్. పక్కన ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

కాళ్ళ దగ్గర భర్త కూర్చున్నాడు. కింద గడియారాల షాపు ఆయనదే. భార్య పాదాలు దుప్పటిలో కప్పుతున్నాడు. కానిస్టేబుల్ చప్పుడు చేయకుండా ఫోన్ ఆపి, ఆయన చేతికి మంచినీళ్ళు అందించాడు.

మర్నాడు పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది. విషం లేదు. దెబ్బ లేదు. ఇన్సులిన్ మామూలు మోతాదే. షుగర్ పడిపోయి గుండె ఆగింది.

ఆవిడ తమ్ముడు ఊరుకోలేదు.

"షుగర్ పడిపోయేముందే పసిగట్టి అరగంట ముందు చెప్పడమే ఫోన్‌లోని ఆ సెన్సర్ యాప్ పని సార్. రెండు నెలలుగా ఒక్కసారీ చెప్పలేదు. బావే దాని నోరు నొక్కాడు."

ఇన్‌స్పెక్టర్ భర్తని పిలిపించాడు.

"నిన్న ఎన్నింటికి బయటికెళ్ళారు?"

"రెండున్నరకి. హాస్పిటల్లో కొత్త సెన్సర్లిస్తారంటే. లైను చాలా ఉంది. వచ్చేసరికి ఐదు నలభై ఐదు."

"రోజూ ఆ టైముకి?"

"కింద షాపులోనే."

"మరి నిన్నే ఎందుకు వెళ్ళారు?"

"ఫోన్ మోగడం మానేసింది కదా సార్. జబ్బు తగ్గుముఖం పట్టిందనుకున్నాం. 'మొగుడికన్నా ఫోనే నయం, సణగదు' అని నవ్వింది. నిశ్చింతగా వెళ్ళి రమ్మంది."

ఫోన్ నోరు ఎవరూ నొక్కలేదు. వాల్యూమ్ నిండుగా ఉంది. షుగర్ 54కి దిగాక మోగాల్సిన ఆఖరి అలారం మూడు ఇరవై ఎనిమిదికి మోగింది. అప్పటికి ఆవిడ లేచే స్థితిలో లేదు. మూడింటికి రావాల్సిన ముందస్తు హెచ్చరికే రాలేదు.

ఇన్‌స్పెక్టర్ అరవై రోజుల గ్రాఫులు వరసగా పరిచాడు. రోజూ భోజనం తర్వాత పడుకున్నాక గీత దిగుతోంది. మూడూ పదికల్లా లేస్తోంది. తిండి వివరాల గడి మాత్రం ఖాళీ.

మళ్ళీ ఆ గదికి వెళ్ళాడు. మంచం పక్క స్టూలు మీద గ్లాసు అడుగు మచ్చలు. ఒకదాని మీద ఒకటి. పాలిష్ తెల్లబారిపోయింది.

మూడో రోజు భర్తనీ, తమ్ముణ్ణీ, యాప్ కంపెనీ ఇంజనీరమ్మాయినీ అదే గదిలో కూర్చోబెట్టాడు.

"మధ్యాహ్నం ఆవిడకి ఏమిచ్చేవారు?"

"నారింజ రసం, సగం గ్లాసు. నుదురు తడిగా తగిలితే ఇచ్చేవాణ్ణి. నిద్రమత్తులోనే తాగి పడుకునేది. లేచాక గుర్తుండేది కాదు."

"అలారం మోగేదాకా ఆగేవారు కాదా?"

"మొదట్లో మోగేది సార్. ఉలిక్కిపడి లేచేది. అందుకని అది మోగకముందే పైకొచ్చేవాణ్ణి. తర్వాత్తర్వాత నేను ఆలస్యమైనా మోగేది కాదు."

"యాప్‌లో ఎందుకు ఎక్కించలేదు?"

"పెళ్ళానికి గ్లాసు అందించింది కూడా రాసుకుంటారా సార్?"

ఇంజనీరు తల వంచుకుంది. మెల్లగా చెప్పింది.

"ఈ యాప్ సెన్సర్ పెట్టుకున్న మనిషిని చూసి నేర్చుకుంటుంది. దాని లెక్కలో ఏమీ తాగనట్టే ఉంది, షుగర్ లేచింది. అలా అరవై రోజులు. మధ్యాహ్నం తగ్గినా ఈవిడకి తనంతట తనే లేస్తుందని నేర్చుకుంది. ఇక హెచ్చరించడం మానేసింది."

"మీ చేతిని ఆవిడ ఒంట్లో భాగమనుకుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిన్నమొన్నటిదాకా అది నిజమే. ఆ రోజు మీరు లేరు. అది మీకోసం చూస్తూ కూర్చుంది."

"అయితే నేనే..."

"రాయాలని మీకెవరూ చెప్పలేదు. కేసు లేదు."

"చెప్పాల్సింది మేమండీ," అంది ఇంజనీరు.

తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు. అరవై మధ్యాహ్నాలు ఆవిడ ఉలిక్కిపడకుండా నిద్రపోయింది. ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట అనాలనిపించింది. అనలేకపోయాడు.

భర్త తలెత్తాడు.

"ఇది ఇంకా ఎంతమంది పెట్టుకున్నారమ్మా?"

"మూడు వేల పైచిలుకు."

"వాళ్ళిళ్ళల్లోనూ ఎవరో ఒకరు గ్లాసు అందిస్తూనే ఉంటారు."

ఆమె సంచిలోంచి నోట్‌బుక్కు, పెన్ను తీసింది.

"రాసుకో తల్లీ. నేనిచ్చినవన్నీ చెప్తాను. దానికి తెలియాలి కదా, ఆవిడ తనంతట తను లేవలేదని."

మొదటి తేదీ చెప్పబోయాడు. చూపు స్టూలు మీది మచ్చల దగ్గర ఆగిపోయింది.

తమ్ముడు వచ్చి ఆ అమ్మాయి చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. నేల మీదే, బావ మోకాలి పక్కన కూర్చున్నాడు.

"నిదానంగా చెప్పు బావా. నేను రాస్తాను."