మ్యాప్‌లో లేని మెకానిక్

తప్పు చేసినవాణ్ణి పీకేస్తే సరే. ఏ తప్పూ చేయనివాణ్ణి పీకేస్తే ఒళ్ళు మండదా?

పొద్దున్నే కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళేసరికి గోడ మీది పెద్ద స్క్రీన్‌లో ఎప్పటిలాగే ఆస్పత్రి మ్యాప్ ఉంది. లిఫ్టుల బొమ్మలున్నాయి. జనరేటర్ ఉంది, నీళ్ళ మోటార్లున్నాయి. వాటిని బాగుచేసే నా వాకీటాకీ బొమ్మ మాత్రం లేదు. పోయిన నెల ప్లంబర్ బొమ్మ ఇలాగే మాయమైంది. సాయంత్రానికి ఆయన ఉద్యోగం ఊడింది.

"నన్నెవరు పీకేశారు?" అన్నాను.

కుర్చీలో ఉన్న అమ్మాయి తల కూడా తిప్పలేదు. ఆమె చేరినప్పటి నుంచీ ఆ మ్యాప్ ఆమె చేతిలోనే ఉంది.

"నేనే."

"ఎందుకు?"

"స్క్రీన్ ఇరుగ్గా ఉంది."

"లిఫ్టులన్నిటికీ చోటుంది, వాటిని నడిపించేవాడికి లేదా? మొన్ననేగా ఇల్లు అద్దెకి తీసుకుని అమ్మని తెచ్చుకున్నాను! ఉద్యోగం ఊడిందని నోటితో చెప్పలేక మౌసుతో చెప్తారా?"

"అరవకండి."

"అరుస్తాను!"

పక్క టేబుల్ దగ్గర, అందరం పిన్నిగారు అని పిలిచే సూపర్‌వైజర్ ఫైలు చాటున నవ్వు దాచుకుంటోంది. ఒకడి కడుపు మండుతుంటే ఈవిడకి నవ్వెలా వస్తోందో!

అసలు మంట వేరే ఉంది. "మూడో లిఫ్టు మూలుగుతోందండీ" అంటూ వాకీటాకీలో ఆ అమ్మాయి గొంతు వినబడితేగానీ నాకు తెల్లారినట్టుండదు. ఇంకెవరు తీసేసినా ఓర్చుకునేవాణ్ణి. తీసింది ఆమె.

అంతలో మ్యాప్ మీద ఐదో లిఫ్టు ఎర్రబడింది. ఆమె గబుక్కున వాకీటాకీ అందుకుంది. నా నడుముకున్నది కూసింది.

"ఐదో లిఫ్టు ఆగిపోయింది. లోపల మనుషులున్నారు" అంది, ఎదురుగా నిలబడ్డ నాకు వాకీటాకీలో.

"ఇక్కడే ఉన్నాను కదండీ!"

"ముందు వెళ్ళండి!"

వెళ్ళాను. ఒక తాతగారినీ ఆయన చక్రాల కుర్చీనీ బయటికి తెచ్చి వస్తుంటే అప్పుడు తట్టింది. పీకేసినవాణ్ణి ఎలా పిలిచింది? తిరిగొచ్చి అదే అడిగాను.

"మ్యాప్ మీంచి బొమ్మ తీస్తే మనిషి పోడండీ. సాఫ్ట్‌వేర్ లిస్టులో ఉంటాడు. ప్లంబర్‌గారిని లిస్టులోంచే తీయమన్నారు. మీ గురించి ఎవరూ ఏమీ అనలేదు."

"మరి నా బొమ్మ ఏం పాపం చేసింది?"

పిన్నిగారు అందుకుంది.

"నేను చెప్తా. నీ బొమ్మ స్క్రీన్ అడుగున, ఈ బీరువా చాటున ఉండేది. కనబడటం లేదని ఈ పిల్ల జరిపి జరిపి, తెచ్చి మ్యాప్‌లో మన గది మీదే పెట్టింది. 'ఏమే, అల్లుడు ఎప్పుడు దిగాడు?' అన్నాను నిన్న. రోషమొచ్చి పీకేసింది."

"పిన్నిగారూ!" ఆమె ముఖం ఐదో లిఫ్టు కంటే ఎర్రబడింది.

ఉద్యోగం ఉందని ప్రాణం లేచొచ్చింది. కోపం మాత్రం చల్లారలేదు.

"నన్నొక్క మాట అడగొచ్చుగా? గుండె ఆగినంత పనయింది!"

"ఏమని అడగాలి?" ఇప్పుడు ఆమె లేచి నిలబడింది. "ఇన్నాళ్ళలో 'ఓకే, ఓవర్' తప్ప మీ నోట్లోంచి ఇంకో మాట ఊడిపడిందా? జరపడమంతా నేనే జరపాలా?"

నిజమే. నోరు విప్పని మొద్దుని నేనే.

"మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాను, గ్రీజు చేతులతో, పిన్నిగారి ఎదుటే.

ఆమె మెల్లగా కూర్చుని మౌసు పట్టుకుంది. "ఓకే" అంది. లిస్టు తెరుస్తూ, "ఓవర్ అనలేదు, గమనించండి" అంది.

నా బొమ్మ మళ్ళీ మ్యాప్ మీదికి వచ్చింది, కంట్రోల్ రూమ్ పక్కనే.

అయినా నాకు ఉక్రోషం తగ్గలేదు. "ఇంత రభస ఎందుకండీ! ఆ బీరువా కాస్త పక్కకి జరిపితే పోయేదిగా? ఒక్కరికీ తోచలేదా?"

పిన్నిగారు కళ్ళజోడు సర్దుకుంది.

"తోచకేం నాయనా! జరిపితే నీ బొమ్మ అక్కడే పడి ఉండేది. రేపు మీ అమ్మతో మాట్లాడటానికి వస్తున్నాం, ఇల్లెక్కడో చెప్పు."