ప్లేటు మీద తుమ్మముల్లు

"ఏమప్పా! లోపల బర్రె ఏమన్నా ఈనుతాందా?"

గుమ్మంలో ఒక అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. గ్రామఫోను మీదికి వంగిన జయరాజు వంగినట్టే ఉండి, పెదవి మీద వేలు పెట్టుకుని ఆమె వైపు చూశాడు. మాట్లాడవద్దని. నంద్యాల మిషన్ బడిలో గది నిండా పిల్లల నోళ్ళు మూయించే టీచరమ్మకు, నోరు మూసుకోమని సైగ చేసిన మనిషి ఇతనే మొదటివాడు.

తిరిగి పోదామంటే వాన పట్టుకుంది. పాట అయ్యేదాకా చూరు కింద నిలబడక తప్పలేదు.

"బర్రె కాదు," అన్నాడు జయరాజు, ప్లేటు ఆగిన తర్వాత. "దాన్ని ట్రంపెట్ అంటారు. ఇది జాజ్."

"ఏ జాజో! పక్కింట్లో మా అత్త ప్రార్థన చేసుకుంటాంది. నీ ట్రంపెట్ అరిచినప్పుడల్లా ఉలిక్కిపడి, ప్రార్థన సగంలోనే ఆమేన్ అంటాంది."

జయరాజుకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది గానీ, కోపంగా వచ్చిన మనిషి నవ్వితే బాగుండదని వాన వైపు తిరిగింది.

ఆమె పేరు సలోమి. ఆళ్ళగడ్డ క్రైస్తవుల గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి దేవసహాయం గారి కూతురు. మేనత్త సువార్తమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. జయరాజు స్టేషన్లో గూడ్సు గుమాస్తా. గుంతకల్లులో ఒక రైలు గార్డు దొర ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్ళిపోతూ ఆ గ్రామఫోనును, కొన్ని ప్లేట్లను ఇతనికి అమ్మాడు. 1956లో అది. ఆనాటి నుంచీ జయరాజుకు వేరే లోకం లేదు.

అతను వినడానికి ఒక పద్ధతి ఉండేది. ఏ ప్లేటునైనా వారానికి ఒక్కసారే పెట్టేవాడు. ముందు చేతులు కడుక్కునేవాడు. మల్లుగుడ్డతో ప్లేటు తుడిచేవాడు. పాట జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు. ఇల్లు కాలుతోందని చెప్పినా పాట అయ్యాకే లేచేవాడేమో.

"ఇదేంది, తుమ్మముల్లు పెట్టినావ్?" అని రెండోసారి వచ్చినప్పుడు అడిగింది సలోమి.

"ఇనుప సూది పెడితే ప్లేటును తింటాది. తుమ్మముల్లయితే తానే అరిగిపోతాది, ప్లేటును కాపాడతాది. ఒక పాటకు ఒక ముల్లు."

"పాపం ముల్లు," అంది సలోమి.

మరుసటి వారం ఆమె కుందూ ఏటి గట్టున ఉన్న తుమ్మచెట్ల నుంచి నిటారుగా ఉన్న ముళ్ళను ఏరి, కొంగున కట్టుకుని తెచ్చింది. "చెయ్యంతా గీసుకపోయింది. నీ బర్రె బాగా అరవకపోతే చూడు!" అంటూ బల్ల మీద గుమ్మరించింది. జయరాజు ఒక్కొక్క ముల్లునూ వెలుతురుకు పెట్టి చూశాడు. ఆమె చేతిని మాత్రం చూడలేదు. అది సలోమి గమనించింది.

"ఇందులో మాటలేవీ?" అని ఒకసారి అడిగింది.

"లేవు."

"మాటల్లేని పాట ఏం చెప్తాది?"

"వాయించేది నల్లవాళ్ళు, అమెరికాలో. వాళ్ళ తాతలు బానిసలంట. గుళ్ళో దేవునికి మొరపెట్టుకున్న పాటల్లోంచే ఇది వచ్చిందంట. గార్డు దొర చెప్పినాడు."

ఆ తర్వాత సలోమి బర్రె మాట ఎత్తలేదు. ప్లేటు తిరుగుతుంటే గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. అదే తమ మధ్య పెద్ద మాట అని జయరాజు నమ్మాడు. సలోమికి ఆ నమ్మకం చాలలేదు.

గార్డు ఇంట్లో ఒకసారి విన్న నెమ్మది పాట ఒకటి జయరాజు మనసులో ఉండిపోయింది. ఆ ప్లేటు గార్డు అమ్మినవాటిలో లేదు, ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

"అది దొరికిన రోజు నీకొక సంగతి చెప్తా," అన్నాడు.

"ఇప్పుడే చెప్పు."

"నేను చెప్పలేను. ప్లేటు చెప్తాది."

"ఆహా! ప్లేటు ఆళ్ళగడ్డకు పోయి మా నాయన్ను పిల్లనడుగుతాదా?"

జయరాజు చెవులు ఎర్రబడ్డాయి. ప్లేటు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

వేసవి సెలవులకు ముందు సలోమి నవ్వకుండా వచ్చింది. "దొర్నిపాడులో కాంపౌండరంట. మా నాయన మాట ఇచ్చేసినాడు. ఈ ఆదివారం నుంచి మా గుళ్ళో ప్రకటన చదువుతారు."

క్రైస్తవుల పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమని అడుగుతారు. అభ్యంతరం ఉందా అని ఇన్నిసార్లు అడిగేవాళ్ళు, ఇష్టం ఉందా అని ముందుగా ఒక్కసారైనా ఎందుకు అడగరో ఆ ఏర్పాటు చేసిన పెద్దలకే తెలియాలి. పెండ్లినాడు అడుగుతారు, నిజమే. అప్పటికి పందిట్లో అన్నం ఉడికి ఉంటుంది.

"చదివేది మా నాయనే," అంది సలోమి. "ఆయన గొంతుకు ఎదురు నేను లేచేది ఎట్ల? నువ్వు లేచి ఒక్క మాట అను జయరాజూ. నీ పక్కన నేను నిలబడతా."

"వస్తా."

"ప్లేటు గాదు. నువ్వు రావాల."

"వస్తా అన్నా గదా!"

ఆమె ఆళ్ళగడ్డకు వెళ్ళింది. శనివారం గుంతకల్లు నుంచి కబురు వచ్చింది. ఒక రైలు డ్రైవరు భార్య, దొరసాని, సామానంతా అమ్మేసి ఆదివారం సాయంత్రమే బొంబాయికి వెళుతోంది, ఆ నెమ్మది పాట ప్లేటు ఆమె దగ్గర ఉంది! ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి కదా అనుకున్నాడు జయరాజు. ఆ ప్లేటు చేతిలో ఉంటే ధైర్యం వస్తుందనీ అనుకున్నాడు. రైలెక్కాడు.

ప్లేటు దొరికింది. కాని ఎండాకాలపు రైలు పెట్టెలో ఆ వేడికి అది అప్పడంలా వంగిపోయింది. వారమంతా డ్యూటీ. రెండో ఆదివారం దాన్ని రెండు అద్దాల మధ్య పెట్టి, ఎండలో ఉంచి, పైన బరువు పెట్టి పక్కనే కూర్చున్నాడు. కాసేపు ఎక్కువైతే కరుగుతుంది, తక్కువైతే లొంగదు. వదిలిపోవడానికి లేదు. సాయంత్రానికి ప్లేటు చదునైంది. తుమ్మముల్లు పెట్టి విన్నాడు. విని ఏడ్చాడు.

ఆళ్ళగడ్డకు పోయి వచ్చిన సువార్తమ్మ గోడ మీదుగా అంది: "ఏమిరా, మా సలోమి రెండు వారాలూ వెనక బల్లల దిక్కే చూస్తాండ్య. నీ కోసమే గదా!"

జయరాజు తల వంచుకున్నాడు.

"ఆ పిల్ల పోయినాక ప్లేటు పక్కన కూచోని ఏడ్చుకో. నాకేం!" అని ఆమె లోపలికి పోయింది.

మూడో ఆదివారం తెల్లవారే జయరాజు ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. బస్సు గుడి దగ్గరికి చేరేసరికి కీర్తన పాడుతున్నారు. వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సలోమి తిరిగి చూసింది. ఆమె ముఖంలోకి ఒక్కసారిగా వచ్చిన వెలుగును చూసి అతనికి భయం వేసింది.

దేవసహాయం గారు కళ్ళద్దాలు సర్దుకుని పేర్లు చదివారు. "ఇది మూడవ ప్రకటన. ఎవరికైనా అభ్యంతరమున్నయెడల ఇప్పుడే తెలుపవలెను," అని తల ఎత్తారు.

గుడి నిశ్శబ్దమైంది. జయరాజు అరచేతులు బల్లకు ఆనించాడు. నోటిలో మాట సిద్ధంగా ఉంది.

అప్పుడే గుడికి ఎదురుగా రాతిబొమ్మలు చెక్కే శిల్పుల పాకలోంచి ఉలి చప్పుడు వినిపించింది. ఇద్దరు చెక్కుతున్నారు. ఒక దెబ్బ సరిగ్గా పడుతోంది, రెండోది ఒక పిసరు వెనకబడి పడుతోంది. మళ్ళీ సరిగ్గా, మళ్ళీ వెనక. అచ్చంగా అతని ప్లేట్లలో ఉండే నడక. జయరాజు చెవి అటు పోయింది. భయపడిన మనసు దాక్కోవడానికి ఎక్కడైనా చోటు వెతుక్కుంటుంది. అతని కళ్ళు అలవాటుగా మూసుకున్నాయి. ఊపిరి మెల్లగా అయింది. వింటున్నప్పుడు మాట్లాడకూడదు.

"ఆమేన్," అన్నారు అందరూ.

కళ్ళు తెరిచేసరికి సలోమి ఇటు చూడటం లేదు.

ప్రార్థన ముగిశాక ప్రహరీ పక్కన ఆమెను పట్టుకున్నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

"సలోమీ..."

"కండ్లు మూసుకున్నావ్," అంది ఆమె. "నేను చూస్తానే ఉన్నా. నిద్రొచ్చిందా?"

"ల్యా. ఆ ఉలి చప్పుడు..." చెప్పబోయి సిగ్గుతో ఆగిపోయాడు. "నాకు నువ్వంటే ప్రాణం సలోమీ. మొదటి రోజు వానలో నిలబడినావు చూడు, అప్పట్నించీ."

ఆమె ఆ మాట కోసం ఏడాదిగా ఎదురుచూసింది. ఇప్పుడు విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎంత బాగా చెప్తాండావో! లోపల చెప్పింటే సచ్చిపోయేదాన్ని సంతోషంతో."

అంతలో దేవసహాయం గారు బైబిలు పట్టుకుని వచ్చారు. ఇద్దరినీ చూసి అంతా అర్థం చేసుకున్నారు. నిజానికి ఆయనకు ముందే అర్థమైంది.

"నువ్వేనా నంద్యాల అబ్బాయివి?" అన్నారు. "మా చెల్లెలు సువార్తమ్మ చెప్పింది. అప్పటికే అవతల మాట ఇచ్చినా. కారణం ల్యాకుండా నేను తప్పకూడదు. ఎవరన్నా లేస్తే అదే కారణమైతాది అనుకున్నా. అడిగినాక అంతసేపు ఆగే పనిల్యా అప్పా. మూడు వారాలూ ఆగినా. ఈపొద్దు నిన్ను చూసి ఇంకొంచెం ఎక్కువే ఆగినా."

జయరాజు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఉపదేశిగారూ, ఇప్పుడు చెప్తా. అందరినీ పిలవండి, అందరి ముందరా చెప్తా!"

"ఇప్పుడు నేను అడగడం లేదు నాయనా," అన్నారు ఆయన, చాలా మెల్లగా.

కోపంగా అని ఉంటే జయరాజు కాళ్ళు పట్టుకునేవాడు. ఆ మెత్తదనం ముందు ఏం చెయ్యాలో తెలియలేదు. దేవుని ఎదుట మూడుసార్లు అడిగి, జవాబు లేదని ఆమేన్ చెప్పిన మనిషి ఇక ఏ ముఖంతో మాట వెనక్కి తీసుకుంటాడు?

సలోమి తండ్రి చేతిలోని బైబిలు అందుకుని ఆయన వెనకే నడిచింది. బజారు మొదట్లోకి వెళ్ళేదాకా జయరాజు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు అతని గొంతు లేచింది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అతను ఎన్నడూ అరవలేదు.

"సలోమీ!"

బజారులో అందరూ తిరిగి చూశారు. ఆమె ఒక్కతే చూడలేదు.