చెడ్డదే చూపించండి

ముందుచూపు కేంద్రంలో చచ్చిపోయి బయటికి వచ్చినవాళ్లకి నిమ్మరసం ఊరికే ఇస్తారు.

కాకినాడ రేవు పక్కన, సముద్రపు గోడకి ఆనుకుని ఉందా కేంద్రం. 2079 వేసవి సెలవులు కావడంతో హాలు కిటకిటలాడుతోంది. కుటుంబాలు కుటుంబాలుగా బెంచీల మీద కూర్చుని, మెడ మీద చెమట తుడుచుకుంటూ, ఏ దీవిలో ఎవరు ఎలా పోయారో చెప్పుకుంటున్నారు.

“మావారిని సొరచేప లాక్కుపోయిందండీ,” అంది అమలాపురం నుంచి వచ్చిన ఒకావిడ, నవ్వాపుకోలేక. “నడుం కింద ఏమీ మిగల్లేదు. అయినా లక్షలో ఒకసారే అలా జరుగుతుందట. అక్కడ రొయ్యల వేపుడు ఎంత బాగుందో! ఆ రిసార్టే ఖాయం చేసేశాం.”

“నా నడుం పోతే నీకు రొయ్యలు గుర్తున్నాయి చూడు!” అన్నాడు ఆవిడ భర్త.

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. హైమవతి మాత్రం నవ్వలేదు. ఆయన కాళ్లు ఉన్నాయో లేవో అని కిందికి చూసింది. ఉన్నాయి. అయినా పక్కనున్న కూతురు మేఖల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మా, నొప్పి పుడుతోందే,” అంది మేఖల.

“పుట్టనీ. ఈ జనంలో ఎక్కడన్నా తప్పిపోతావు.”

“పదిహేడేళ్లొచ్చాయి నాకు!”

మేఖలకి ఇంతవరకు సముద్రం తెలియదు. వాళ్ల అపార్టుమెంటు నుంచి సముద్రపు గోడ కనిపిస్తుంది, రాత్రిళ్లు హోరు వినిపిస్తుంది. ఈత పోటీల్లో పతకాలు కూడా తెచ్చుకుంది. ఆ ఈతంతా అపార్టుమెంటు నేలమాళిగలోని తొట్టిలోనే. హైమవతి సముద్రం దగ్గరికి పోనిచ్చేది కాదు. పోనీ ఆమెవాళ్లెవరైనా నీళ్లలో పోయారా అంటే అదీ లేదు. ఆమె భయానికి కారణమంటూ లేదు. కారణమున్న భయమైతే ఏనాటికో తగ్గేది.

చివరికి తండ్రి త్రివిక్రమ్ మధ్యలో పడి ఒక ఒప్పందం కుదిర్చాడు. మూడు రిసార్టులు ముందుచూపు యంత్రంలో పెట్టి చూస్తారు. ఒక్కదానికైనా పచ్చదీపం వెలిగితే అక్కడికి వెళ్తారు. వెలగకపోతే మేఖల సముద్రం మాట ఇక ఈ జన్మలో ఎత్తకూడదు. మేఖల ఒప్పుకుంది.

పాత దీవులన్నీ మునిగిపోయాక బంగాళాఖాతంలో పగడాలు పెంచి కొత్త దీవులు కట్టారు. ప్రతి దీవికీ రిసార్టులు వచ్చాయి. అన్నింటి ప్రకటనల్లోనూ అదే తెల్ల ఇసుక, అదే నీలి నీళ్లు. ఏది మంచిదో తెలిసేది కాదు. వెళ్లినవాళ్లు కొందరు కాలు విరిగి, కొందరు కాపురం విరిగి తిరిగొచ్చేవారు. అప్పుడు డాక్టర్ పరంజ్యోతి ఈ యంత్రం తయారు చేశాడు.

దీవి అంతటా సెన్సర్లుంటాయి. కెరటం ఎత్తు, పడవ వేగం, వంటవాడి కోపం, నేల జారుడు అన్నీ అవి పంపుతుంటాయి. ఆ డేటాతో కంప్యూటర్‌లో అచ్చం అలాంటి దీవే తయారవుతుంది. దాన్ని ప్రతిదీవి అంటారు. తర్వాత మనిషి తలకి ‘శిరోజాలం’ అనే వల తొడుగుతారు. దేనికి భయపడతాడు, దేనికి ఉడుకుతాడు, కంగారులో చెయ్యి ఎటు పోతుంది అనేవన్నీ ఆ స్కానర్ అచ్చు తీస్తుంది. అది మనోముద్ర. కుటుంబం మొత్తం మనోముద్రలని ప్రతిదీవిలో వదిలి, వారం రోజుల విహారాన్ని లక్షసార్లు నడిపిస్తారు. ప్రమాదం అరుదైతే పచ్చదీపం, ఎక్కువైతే ఎర్రదీపం. ఆ లక్షలో కావలసిన వారాన్ని కుర్చీలో కూర్చుని అనుభవించవచ్చు. నొప్పిని మాత్రం పాతికో వంతుకి తగ్గిస్తారు.

“ముందు మంచి వారం ఒకటి చూస్తారా అమ్మా?” అన్నాడు పరంజ్యోతి, ముగ్గురి మనోముద్రలూ తీశాక హైమవతి తలకి మళ్లీ వల సర్దుతూ. ముసలాయన. నెమ్మదిగా మాట్లాడతాడు.

“మంచిది నాకెందుకండీ? చెడ్డదే చూపించండి.”

“అందరూ మంచిది చూసి, ఆ తర్వాత—”

“చెడ్డదే చూపించండి డాక్టరు గారూ. మధ్యలో ఆపమంటే మాత్రం ఆపెయ్యాలి.”

మొదటిది శంఖతీరం. కళ్లు మూయగానే ఎండ, ఉప్పుగాలి, ఊగుతున్న పడవ. ముందువైపు మేఖల జుట్టు ఎగురుతోంది. అంతలో పడవ ఒక్కసారిగా వంకర తిరిగింది. మేఖల ఎగిరి నీళ్లలో పడింది. పడవ వెనక మరచక్రం గర్రుమని తిరుగుతోంది. ఆ చప్పుడు మారింది. మెత్తటిదేదో అడ్డం పడ్డట్టయింది. తెల్లటి నురగ ఎర్రబడింది. నురగలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. మోచేతి దగ్గర్నుంచి చర్మం చీలికలై వేలాడుతోంది. వేళ్లు మాత్రం ఇంకా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

“ఆపండి! ఆపండీ!”

రెండోది గవ్వలమెట్ట. నీళ్ల మీద గుంజలు పాతి కట్టిన తాటాకు కుటీరాలు. కళ్లు తెరిచేసరికే కుటీరం మండుతోంది. ఆకులు మంట పట్టి ముద్దలు ముద్దలుగా రాలుతున్నాయి. లోపల్నుంచి మేఖల తలుపు బాదుతోంది. “అమ్మా! తలుపు! తలుపు తియ్యి!” బాదే చప్పుడు కిందికి, ఇంకా కిందికి దిగింది. చివరికి గోళ్లతో గీరుతున్న చప్పుడు. తర్వాత కప్పు కూలింది. వెంట్రుకలు కాలిన వాసన హైమవతి గొంతులో నిండింది.

ఆమె కుర్చీలోంచి లేచి గోడ పక్కన వాంతి చేసుకుంది.

“చాలు హైమా,” అన్నాడు త్రివిక్రమ్. అతనికి తెర మీద బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. అయినా అతని మొహం పాలిపోయింది. “మూడోది మానేద్దాం.”

“మానేస్తే ఎలాగండీ? ఏ మూల ఏం పొంచి ఉందో తెలియొద్దూ?”

మూడోది మొగలిదీవి. ఒడ్డున నలుగురు పడవవాళ్లు. ఒకడి చేతిలో తెడ్డు. అది త్రివిక్రమ్ తల మీద దిగింది. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. రెండో దెబ్బకి కన్ను ఒకటి బయటికొచ్చింది. ఇంకొకడు అతని ఛాతీ మీద మోకాలేసి కత్తి దింపాడు. తీశాడు, మళ్లీ దింపాడు. “నాన్నని వదలండి!” అని మేఖల మధ్యలోకి దూరింది. తర్వాతి పోటు పిల్ల మెడలోకి దిగింది. ఇసుక మీద మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో మెడ అదుముకుని, తల్లివైపు చూసింది.

“ఆపండి!”

మూడింటికీ ఎర్రదీపమే. హైమవతి కళ్లు తుడుచుకుంది. “చూశావా అమ్మలూ? నేను చెబితే చాదస్తమన్నారు. పద, ఇంటికి పోదాం.”

మేఖల మాట ఇచ్చింది కదా. చెప్పులు వేసుకోవడానికి వంగి, అలాగే వంగి ఉండిపోయింది. ఆమె వీపు అదురుతోంది.

పరంజ్యోతి మాత్రం తెరనే చూస్తున్నాడు. “లెక్క కుదరడం లేదమ్మా. ఈ మూడు రిసార్టులూ అందరికీ పచ్చదీపమే ఇస్తున్నాయి. ఇప్పుడే అమలాపురం వాళ్లకి మొగలిదీవి ఖాయం చేశాను. మీ ఒక్క కుటుంబానికే పదింట తొమ్మిది వారాలు చావులు.” యంత్రం వైపు తిరిగాడు. “ముందుచూపూ, కారణం ఏమిటి?”

యంత్రం ఆడగొంతుతో జవాబిచ్చింది. “చూసినవారు ప్రతిసారీ చివరి నిమిషమే చూశారు. కారణం అంతకుముందు ఉంది. చూపించమంటారా?”

“వద్దు. మళ్లీ చూడలేను బాబూ,” అంది హైమవతి.

మేఖల లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “చూడమ్మా. నేను చచ్చేది మూడుసార్లు చూశావు. ఎందుకు చచ్చానో ఒక్కసారి చూడు.”

ఆ మాటకి హైమవతి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

మొగలిదీవి. ఈసారి మొదటి నుంచి. మేఖల మోకాలి లోతు నీళ్లలో నిలబడి కేకలు పెడుతోంది, సంతోషంతో. పడవ నడిపేవాడొకడు ఆమెకి నీళ్లలో మునిగి పగడాలు చూడటం నేర్పుతున్నాడు. “భయపడకమ్మా, నా చెయ్యి పట్టుకో,” అన్నాడు. ఇద్దరూ మునిగారు. ఒడ్డునున్న హైమవతి ఊపిరి బిగబట్టి చూసింది. తల పైకి రాలేదు. ఇంకా రాలేదు. పక్కన బొండాలు కొట్టేవాడి కత్తి మొద్దు మీద ఉంది. హైమవతి చెయ్యి దానంతటదే కత్తి మీదికి వెళ్లింది. నీళ్లలోకి పరుగెత్తింది. అప్పుడే అతను మేఖలని నవ్వుతూ పైకి లేపాడు. కత్తి అతని మెడకీ భుజానికీ మధ్య దిగింది. రక్తం వెచ్చగా ఆమె మొహాన చిమ్మింది. “నా పిల్లని ముంచేస్తావురా!” అని రెండోసారి ఎత్తింది. ఒడ్డు మీద అతని అన్నదమ్ములు తెడ్లు తీసుకుని లేచారు.

యంత్రం ఆగకుండా మిగతావీ చూపించింది. శంఖతీరంలో పడవ వేగానికి భయపడి, “వెనక్కి తిప్పండి” అంటూ నడిపేవాడి చేతిలోని చుక్కాని పట్టుకుని లాగింది హైమవతే. గవ్వలమెట్టలో ఎవరో పిల్లని ఎగాదిగా చూశారని, ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి, తాటాకు కుటీరం లోపలే గరిటెలో కర్పూరం వెలిగించి అందులో వేసింది. గరిటె చాప పక్కన పెట్టింది. పిల్ల ఒక్కతే నీళ్లవైపు పోతుందేమోనని బయట గొళ్లెం పెట్టి, టిఫిను తేవడానికి వెళ్లింది. గాలికి గరిటె ఒరిగింది.

హైమవతి తల మీద వల తానే తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

“నేను రానులెండి,” అంది. “నేను లేకుండా వీళ్లిద్దర్నీ పెట్టి నడిపించండి.”

పరంజ్యోతి నడిపించాడు. మొగలిదీవికి పచ్చదీపం వెలిగింది. మేఖల తల్లి మెడని కావలించుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. త్రివిక్రమ్ మాత్రం భార్య వంక భయంగా చూశాడు. “నిజంగా ఉండగలవా?”

“ఉండనా మరి? నా చేతులతో నేనే చంపుకోనా?”

రేవులో వాళ్లని పడవ ఎక్కించి చెయ్యి ఊపింది. అందరూ ఆమెని మెచ్చుకున్నారు.

రెండు రోజులు ఇంట్లో ఉంది. మేఖల ఫోను చేస్తూనే ఉంది. “అమ్మా, నీళ్లు నిజంగానే ఉప్పగా ఉన్నాయే!” అని ఒకసారి, “తాబేలుని ముట్టుకున్నాను!” అని ఒకసారి. హైమవతి ప్రతిసారీ వింది. పెట్టేశాక ఆ గొంతులో ఏదైనా దాస్తోందా అని కూర్చుని ఆలోచించేది. మూడో రోజు పొద్దున్నే కేంద్రం తలుపు తెరవకముందే గుమ్మంలో నిలబడి ఉంది.

“వాళ్ల వారం చూపించండి డాక్టరు గారూ. చెడ్డదే.”

“చెడ్డదంటూ పెద్దగా లేదమ్మా. పగడం గీరుకోవడం, ఎండకి తోలు ఊడటం...”

“చూపించండి.”

కళ్లు మూసింది. మేఖల ఈదుతోంది. కెరటం వచ్చింది, దాటింది. ఇంకొకటి వచ్చింది, అదీ దాటింది. ఒడ్డుకి వచ్చి రొయ్యలు తింది. పడవవాడితో పరాచికాలాడింది. మళ్లీ నీళ్లలోకి పోయింది. గంటలు గడిచాయి. హైమవతి ప్రతి కెరటం కిందా వెతికింది, ప్రతి మనిషి చేతిలోకీ చూసింది. ఏమీ జరగలేదు. పిల్ల ఒక్కసారైనా తల్లి కోసం ఒడ్డువైపు తిరిగి చూడలేదు.

ఆమె లేచింది. “ఇది అబద్ధం.”

“యంత్రానికి అబద్ధం రాదమ్మా.”

“సముద్రమండీ అది! సముద్రంలో ఏమీ జరక్కపోవడమేమిటి? నాకు కనపడకుండా ఎక్కడో దాచింది మీ యంత్రం.”

పరంజ్యోతి నచ్చజెప్పేలోపే వెళ్లిపోయింది. ఆయనకి అనుమానం వచ్చింది. ఆమె మనోముద్రని కూడా కలిపి, ఇవాళ్టి నుంచి మొదలుపెట్టి, మొగలిదీవిని మళ్లీ నడిపించాడు. ఫలితం చూసి, చెప్పులైనా వేసుకోకుండా రేవుకి పరుగెత్తాడు. చెప్పడం వరకే ఆయనకి హక్కుంది. ప్రయాణికుల్ని ఆపే హక్కు కేంద్రానికి చట్టం ఇవ్వలేదు.

మొగలిదీవి పడవ కదలడానికి సిద్ధంగా ఉంది. హైమవతి చేతిలో సంచీతో, పడవలోకి ఎక్కే పలక మీద నిలబడి ఉంది.

“అమ్మా, ఎక్కొద్దు,” అన్నాడు ఆయన, ఆయాసపడుతూ. “ఇప్పుడే నడిపించాను. ఎర్రదీపం వచ్చింది. లక్షలో లక్షా ఎరుపే.”

ఆ మాట వినగానే మూడు రోజులుగా ముడుచుకుపోయిన ఆమె మొహం తేటపడింది. ఆయన చెయ్యి ఆప్యాయంగా నొక్కింది.

“నేను చెబితే ఎవరూ నమ్మలేదు డాక్టరు గారూ. మీరైనా నిజం చెప్పారు, మీ కడుపు చల్లగుండ. ప్రమాదం ఉందన్నమాట. పిల్ల అక్కడ ఒంటరిగా ఉంది. కాస్త జరగండి బాబూ, పడవ కదిలిపోతోంది.”