బండల షెడ్డులో కర్రోడి సాక్ష్యం

గురమ్మ కుర్చీలో కూర్చోలేదు. కర్నూలులోని ఆ చిన్న ఆఫీసులో గోడకు ఆనుకుని నేలమీదే కూలబడింది.

"నా చిన్నకొడుకును పోలీసోళ్లు పట్టుకపోయినారమ్మా. వాడు చెయ్యలేదు. యాడ చెప్పుకోవల్లో తెలీక నీకాడికొచ్చినా."

ప్రైవేట్ డిటెక్టివ్ శివజ్యోతి లేచి వచ్చి ఆమె ఎదుట నేలమీదే కూర్చుంది. మేడమ్ చేపట్టాక తేలని కేసు లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకు తిరిగే అసిస్టెంటు జయకుమార్ మాత్రం నిలబడి వింటున్నాడు.

గురమ్మ భర్త నారాయణకు బేతంచెర్లలో బండల పాలీషు షెడ్డు ఉంది. వారం కిందట అందులోనే తల పగిలి చనిపోయాడు. పెద్దకొడుకు పరమేష్ అక్కడ మిషను నడుపుతాడు. చిన్నవాడు ఓబుళేశు గనిలో పని చేస్తాడు. చిన్నవాడికీ తండ్రికీ ముందురోజే మాటామాటా పెరిగింది. పోలీసులు ఎటూ తేల్చకముందే పెద్దమనుషులు తేల్చేశారు. శవం ముందు నారాయణ పెంచిన నల్లకుక్క కర్రోణ్ణి వదిలారు. ఓబుళేశు ఏడుస్తూ దాని మెడ కౌగిలించుకోగానే అది పళ్లు బయటపెట్టి గుర్రుమంది. పరమేష్ ముందు మాత్రం వెల్లకిలా పొర్లింది. ఇంకేం, మూగజీవం హంతకుణ్ణి చూపించిందన్నారు. ఆ తెలివికి దండం పెట్టాలి!

"తేలింది నీకు నచ్చకపోయినా చెప్తాను పెద్దమ్మా," అంది శివజ్యోతి.

"నా బిడ్డ బయటికొస్తే సాలు తల్లీ."

బేతంచెర్లలో ఆ షెడ్డంతా రాతిపొడి. శివజ్యోతి కర్రోడి కళ్లలోకి చూడకుండా, పక్కకు తిరిగి కూర్చుంది. చాలాసేపటికి అదే వచ్చి ఆమె చెయ్యి వాసన చూసింది. మెడపట్టీ కింద వెడల్పాటి వాత, వాపు. గోడ మేకుకు మిషను పాత బెల్టు వేలాడుతోంది.

"దీనికి దెబ్బ ఎట్లా తగిలింది?"

"ఏ లారీనో తగిలింటాది మేడమ్," అన్నాడు పరమేష్. "నాకేం తెల్సు?"

సాయంత్రం పెద్దమనుషులనూ, ఎస్సైనీ, గురమ్మనూ, పరమేష్‌నూ షెడ్డులోనే కూర్చోబెట్టింది. కర్రోడి వీపు నిమిరింది. అది ఊరుకుంది. మెడ తాకింది. గుర్రుమంది.

"ఇప్పుడు నేను కూడా హంతకురాలినేనా? ఓబుళేశు పట్టుకున్నది ఆ పుండునే. పగతో కాదు, నొప్పితో గుర్రుమంది. పరమేష్, నువ్వు పిలువు."

పరమేష్ పిలిచాడు. కర్రోడు చెవులు వెనక్కి అణచుకుని, తోక కాళ్ల సందున ముడుచుకుని, మూతి నాక్కుంటూ పాకుతూ వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని వెల్లకిలా పడుకుంది. నేల తడిసింది.

"సూడండప్పా, ఎంత ప్రేమో!" అన్నాడో పెద్దమనిషి.

"ప్రేమతో పొర్లే కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, ఉచ్చ పోసుకోదు. ఇది కొట్టొద్దని బతిమాలుకోవడం. జయకుమార్, ఆ బెల్టు తియ్యి."

జయకుమార్ బెల్టు ముట్టుకున్నాడో లేదో, కర్రోడు కుయ్యోమంటూ బండల వెనక దూరింది.

"వాత వెడల్పూ దీని వెడల్పూ ఒకటే. పుండు వారం నాటిదే. పెంచినవాడు చూస్తూ ఊరుకోడు; ఆ రోజు ఈ కుక్కను కొట్టినవాణ్ణి నారాయణ అడ్డుకుని ఉంటాడు. అక్కడే పెనుగులాట జరిగి ఉంటుంది. కుక్క ఎవరికి వణుకుతోందో అందరూ చూశారు."

పరమేష్ బుకాయించలేదు. నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

"సిన్నప్పుడు మా నాయన నన్ను ఆ బెల్టుతోనే కొట్టినాడు సార్. ఒక్కరు అడ్డం రాలే. ఆ పొద్దు కుక్కను కొడితే వచ్చి నా గల్లా పట్టుకున్యాడు, పాపం మూగజీవం అని. నన్నెప్పుడన్నా పాపమన్యాడా? నూకితే బండమీద పడినాడు."

"తమ్ముడు జైల్లో ఉంటే ఊరుకున్నావే?"

"బయమైంది మేడమ్."

ఎస్సై అతణ్ణి జీపెక్కించాడు. చిన్నవాణ్ణి రేపే వదిలేస్తారని శివజ్యోతి చెప్పినా గురమ్మ తల ఎత్తలేదు. మేడమ్ తేల్చింది ఈ ఒక్కసారి తప్పైతే బాగుండునని జయకుమార్‌కు మొదటిసారి అనిపించింది.

కర్రోడు దూరిన బండలకేసి చూస్తూ అంది.

"వాడు గూడ సిన్నప్పుడు వాళ్ల నాయన ముందర అట్లే ఉంటాండె తల్లీ. తలకాయ దించుకోని, పెదాలు తడుపుకుంటా, పక్కకు సూస్తా. నా పెద్దోడు ఎంత మంచోడో, ఎదురు మాట్లాడడని అందరికీ సెప్పుకోని మురిసిపోతాంటి."