కొత్త పొయ్యి దగ్గర లెక్కపెట్టే గొంతు

నవంబరు పదకొండు, మంగళవారం. రాత్రి రెండూ పది.

ఆ వేళ అంత ఖచ్చితంగా ఎలా గుర్తుందంటే, కోడలు మంచం దిగేముందు గడియారం చూసుకుంది. అప్పటికే ఆ వంటింటికి చెడ్డపేరు వచ్చేసింది. పాడుబడిన ఇల్లేం కాదు... నిన్నగాక మొన్న గోడలు కొట్టి, టైల్స్ పరిచి, కొత్త పొయ్యి పెట్టుకున్న వంటిల్లు. అందులో చీకటి పడ్డాక ఎవరో తిరుగుతున్నారని మొదట చెప్పింది టైల్స్ మేస్త్రి. పని తెమలక ఓ రాత్రి అక్కడే వరండాలో పడుకున్నాడు. తెల్లారేసరికి మనిషి లేడు. తాపీ, రసమట్టం కూడా వదిలేసి పోయాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట —

"లోపల ఎవరో లెక్కపెడుతున్నారమ్మగారూ... ఒకటి, రెండు, మూడు అని. లైటు లేదు. ఏడు దగ్గర అది ఆగింది... నేనిక ఆగలేదు."

కోడలు నవ్వేసింది. అతను కాస్త చుక్క వేసుకుంటాడులే అని సరిపెట్టుకుంది.

హంగామా అంతా ఆ పొయ్యి కోసమే. పైన ఆరు బర్నర్లు, కింద రెండు ఓవెన్లు, ముందు వరసగా గుండ్రటి నాబులు, అన్నీ ఒక్కలాగే నున్నగా. దానికి చోటు చాలక మధ్యగోడ తీసేశారు. సింకు కిటికీ కిందికి పోయింది, స్విచ్చులు అటు గోడకి పోయాయి. ఏ రంగు పొయ్యి కొనాలన్న దగ్గర మొగుడికీ పెళ్ళానికీ మూడు వారాలు తగువు. ఆఖరికి రంగుల కార్డు అత్తగారి ఒళ్ళో పెట్టారు. ఆవిడ దాన్ని చేత్తో నిమిరి, "మీకు నచ్చిందే నాకూనర్రా," అంది.

పొయ్యి హాల్లో దించిన రోజున దాని చుట్టూ చెయ్యి రాసుకుంటూ తిరిగొచ్చి, "ఒరే, పొయ్యి తెమ్మంటే పట్టపుటేనుగుని తోలుకొచ్చావేంట్రా! మావటివాణ్ణి కూడా మాట్లాడావా?" అని కొడుకుని ఆటపట్టించింది.

తరవాత తరవాత ఆవిడ మాట తగ్గింది. వేళ్ళ మీద బొబ్బలు. కోడలు అడిగితే, "పొయ్యి కొత్తది, చెయ్యి పాతది అమ్మాయీ," అనేది. ఇక వంట మాకొదిలెయ్యమ్మా అన్నాడు కొడుకు. ప్రేమగానే అన్నాడు పాపం. ఆవిడ పైటచెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

"ఆ ఒక్క పనే నా చేతిలో మిగిలిందిరా నాన్నా... అదీ తీసుకోకు."

ఇక ఆ మంగళవారం రాత్రి —

టిక్... టిక్... టిక్.

కొత్త పొయ్యి నాబు నొక్కితే నిప్పురవ్వ చేసే చప్పుడు. ఆ వెంటే, ఎవరో అంకెలు లెక్కపెడుతున్న గుసగుస.

"ఏమండీ..." అని మొగుణ్ణి కుదిపింది కోడలు. "వంటింట్లో ఎవరో ఉన్నారు."

"పిల్లి అయ్యుంటుంది. పడుకో."

"పిల్లులు లెక్కపెడతాయా?"

అతను అటు తిరిగి పడుకున్నాడు. దేవుణ్ణి తలుచుకుంటూ కోడలే లేచింది. గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"...ఐదు... ఆరు... ఏడు." గుసగుస. "ఇక్కడ గోడ ఉండాలే... గోడేదీ?"

గది నడిమధ్య ఒక ఆకారం. కొట్టేసిన గోడ ఉన్న చోట నిలబడి, రెండు చేతులూ చాపి గాలిని తడుముతోంది... ఏమీ తగల్లేదు. మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఒకటి... రెండు..."

అడుగులు తనవైపే.

కోడలు గోడకి అతుక్కుని స్విచ్చు కోసం తడిమింది. ఆకారం ఇంకా దగ్గరకొచ్చింది. మూరెడు దూరంలో మొహం. కళ్ళు తెరిచే ఉన్నాయి. సూటిగా తననే చూస్తున్నాయి... చూస్తూనే, అక్కడ మనిషే లేనట్టు పక్కనుంచి సాగిపోయాయి.

ఎలా దొరికిందో, చేతికి స్విచ్చు దొరికింది.

గదంతా వెలుగు.

అత్తగారు.

అంత వెలుగు మొహాన పడినా ఆవిడ రెప్ప కూడా వేయలేదు. చప్పుడు వచ్చిన వైపు చెవి మాత్రం తిప్పింది.

"ఎవరదీ... అమ్మాయీ, నువ్వా? లైటు వేశావా?"

కోడలు అక్కడే చతికిలబడింది. "ఎప్పట్నించి అత్తయ్యా?"

"రెండేళ్ళు దాటిందమ్మా. మసకమసగ్గా మొదలైంది... ఈ ఏడాది అదీ పోయింది." ఆవిడ తడుముకుంటూ పక్కన కూర్చుంది. "పాత వంటింట్లో కళ్ళతో పనేముంది? గుమ్మం నుంచి గోడకి ఏడడుగులు. గోడకి చెయ్యానిస్తే పొయ్యి, కుడిచేతికి ఉప్పు. ఇప్పుడు ఏ రాత్రి నేర్చుకున్నది ఆ రాత్రికే. తెల్లారితే మీరు ఇంకొకటి జరిపేస్తారు."

"మాకు చెప్పొచ్చు కదా!"

"చెబితే నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారా?"

కోడలు ఆవిడ వేళ్ళ మీది బొబ్బలు నిమిరింది. తలెత్తేసరికి గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించి ఉన్నాడో.

తెల్లారింది. అతను చేసిన మొదటి పని కళ్ళ డాక్టరు నంబరు వెతకడం.

"పక్కింటావిణ్ణి తోడు తీసుకుని వెళ్ళొచ్చానురా," అంది తల్లి. "నరం ఎండిపోయిందట. ఇన్నాళ్ళు ఇచ్చిన దేవుడు తీసుకున్నాడు... ఎవరిననాలి?"

"గోడ మళ్ళీ కట్టిస్తానమ్మా."

"కడితే నీ ఏనుగు ఎక్కడ పడుకుంటుంది?"

అతనికి నవ్వు రాలేదు. పొయ్యి మీద వేలిముద్ర పడితే మెత్తటి గుడ్డతో తుడిచే మనిషి, పాత చొక్కా గుండీలు ఊడబెరుక్కొచ్చి దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. మొదటి నాబు మీద ఒక గుండీ, రెండోదాని మీద రెండు, మూడోదాని మీద మూడు. అంటించిన జిగురు చారికలు కట్టింది. పట్టించుకోలేదు. కోడలు ఉప్పు డబ్బా తెచ్చి పొయ్యికి కుడిపక్కన పెట్టింది.

ఆవిడ వచ్చి ఒక్కొక్క గుండీ తడిమి చూసుకుంది. పొయ్యి అంచు మీద అరచెయ్యి ఆనించింది.

"అవునుగానీ... ఇంతకీ ఏ రంగు తీసుకున్నార్రా?"

మూడు వారాలు పోట్లాడుకున్న ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.